తగ్గిన చమురు ధర ఎక్కడ ఆగిపోతోంది?

మన దేశం కొనే ముడి చమురు సగటు ధర 2014 జూన్‌లో బ్యారెల్‌కు 109 డాలర్లు. 2016 జనవరికి అది 28 డాలర్లకు దిగింది. నూటికి డెబ్బై నాలుగు వంతులు పోయిందన్నమాట. అదే వ్యవధిలో ఢిల్లీ బంకుల్లో లీటరు పెట్రోలు 71 రూపాయల పైచిలుకు నుంచి 59 రూపాయల పైచిలుకుకు వచ్చింది. ఇక్కడి తగ్గుదల నూటికి పదిహేడు. ఆ ఏడాదిన్నరలో రూపాయి బలహీనపడింది, నిజమే. శుద్ధి ఖర్చులు, డీలరు కమీషను, రవాణా కూడా ఉన్నాయి. అవన్నీ కలిపి చూసినా ఈ రెండు అంకెల మధ్య దూరం పూడదు.

చమురు చౌకైతే జనానికి మేలు, ఊళ్లో వ్యాపారాలకు మేలు అనే మాట వినడానికి తేలికగా ఉంటుంది. లెక్కలోకి దిగితే చిక్కులు మొదలవుతాయి. తగ్గిన డబ్బులో కొంత ఢిల్లీలో ఆగుతుంది, కొంత రాష్ట్ర రాజధానిలో, కొంత చమురు కంపెనీల ఖాతాల్లో, ఇంకొంత లారీ కిరాయిల బేరంలో. మిగిలిన కాస్తా వినియోగదారుడి చేతికి వస్తుంది. తెలుగు రాష్ట్రాలకు ఇంకో చిక్కు కూడా ఉంది. బంకులో పెట్రోలు చౌకైన రోజుల్లోనే గల్ఫ్ నుంచి జగిత్యాలకో రాయచోటికో రావలసిన మనియార్డరు ఆగిపోవచ్చు. ఆర్థికవేత్తలు, ప్రభుత్వాలు, రవాణా రంగం వాళ్లు పదేళ్లుగా తలో వైపు నుంచి లాగుతున్న ఈ వాదనలో ఎవరి మాటలో ఎంత బలముందో ఒకసారి చూడటం అవసరం.

వాదన ఎక్కడ మొదలైంది

1973, 1979 సంవత్సరాల్లో చమురు ధరలు ఎగిరినప్పుడు ప్రపంచమంతా దెబ్బతింది. అందుకే మొదట్లో పరిశోధన అంతా ధర పెరిగితే ఏమవుతుందన్న దాని మీదే నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో వచ్చిన మాంద్యాల్లో ఒక్కటి తప్ప అన్నిటికీ ముందు చమురు ధర పెరిగిందని ఆర్థికవేత్త జేమ్స్ హామిల్టన్ 1983లో చూపించాడు. పెరిగితే అంత నష్టమైనప్పుడు తగ్గితే అంతే లాభం ఉండాలి కదా అని అందరూ అనుకున్నారు.

1986లో ఆ పరీక్ష వచ్చింది. ధర సగానికి పైగా పడిపోయింది. ఆశించిన జోరు మాత్రం రాలేదు. పైగా చమురు మీద బతికే టెక్సస్‌లో భూముల ధరలు కుప్పకూలాయి, బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. ధర పెరిగినప్పుడు తగిలే దెబ్బ పెద్దది, తగ్గినప్పుడు వచ్చే మేలు చిన్నది అని మరో ఆర్థికవేత్త నట్ మోర్క్ 1989లో తేల్చాడు. బ్రిటన్ పెట్రోలు బంకుల లెక్కలు చూసిన రాబర్ట్ బేకన్ 1991లో ఇంకో సంగతి పట్టుకున్నాడు. ముడి చమురు పెరిగితే బంకు ధర వెంటనే పెరుగుతోంది, తగ్గితే మాత్రం తీరిగ్గా తగ్గుతోంది. మన దగ్గర ఏ కిరాణా కొట్లో అడిగినా ఈ మాట చెప్పేవారేమో గాని, లెక్కలతో రుజువు చేసిన ఘనత ఆయనది.

మన దేశంలో ఈ ప్రశ్నే ఆలస్యంగా పుట్టింది. 2002 దాకా ధరలు ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ తర్వాత కాగితం మీద స్వేచ్ఛ వచ్చింది గాని పగ్గాలు ఢిల్లీ చేతిలోనే ఉన్నాయి. 2008లో 147 డాలర్లకు ఎక్కిన చమురు ఏడాది తిరక్కుండానే 40 కిందికి పడితే, ఆ డిసెంబరులో పెట్రోలుకు 5 రూపాయలు, డీజిల్‌కు 2 రూపాయలు, మళ్లీ జనవరిలో అంతే తగ్గించారు. ఎప్పుడు ఎంత తగ్గాలో నిర్ణయించింది మంత్రివర్గమే. పెట్రోలు ధర 2010 జూన్‌లో, డీజిల్ ధర 2014 అక్టోబరులో మార్కెట్‌కు వదిలారు. కాబట్టి ప్రపంచ ధర పడితే బంకులో ఏం జరుగుతుందన్న దానికి అసలైన పరీక్ష 2014 చివర్లోనే మొదలైంది.

ఆ పరీక్ష మొదలైన నెలలోనే ప్రశ్నపత్రం మారిపోయింది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని తొమ్మిదిసార్లు పెంచింది. మొత్తం కలిపి పెట్రోలు మీద లీటరుకు 11 రూపాయల 77 పైసలు, డీజిల్ మీద 13 రూపాయల 47 పైసలు. రాష్ట్రాలూ ఊరుకోలేదు. ధరలో ఇంత శాతమని వ్యాట్ వేసే రాష్ట్రానికి ధర తగ్గితే రాబడీ తగ్గుతుంది. తెలంగాణ 2015 జనవరిలో పెట్రోలు మీద వ్యాట్‌ను 31 నుంచి 35.2 శాతానికి, డీజిల్ మీద 22.25 నుంచి 27 శాతానికి పెంచింది. మరుసటి నెలలో ఆంధ్రప్రదేశ్ శాతాన్ని ముట్టుకోకుండా లీటరుకు 4 రూపాయలు అదనంగా వేసింది. పద్ధతులు వేరు, ఉద్దేశం ఒకటే.

జనం చేతికే ఇవ్వాలన్న వాదం

మొదటి వర్గం వాదన ఇది. చమురు ధర తగ్గడం అంటే ప్రభుత్వం పైసా ఖర్చు పెట్టకుండా జనానికి అందే పన్ను రాయితీ. మిగిలిన డబ్బును జనం ఊళ్లోనే ఖర్చు పెడతారు. హోటళ్లకూ బట్టల కొట్లకూ గిరాకీ పెరుగుతుంది.

దీనికి బలమైన ఆధారం అమెరికా నుంచి వచ్చింది. జేపీ మోర్గాన్ చేజ్ ఇన్‌స్టిట్యూట్ తమ బ్యాంకు ఖాతాదారుల కార్డు లావాదేవీలు చూసి, పెట్రోలు మీద మిగిలిన ప్రతి డాలరులో దాదాపు 80 సెంట్లు జనం మళ్లీ ఖర్చు పెట్టారని 2015లో చెప్పింది. అందులో పెద్ద వాటా బయట తిండికి పోయింది. ఆర్థికవేత్తలు జస్టిన్ హేస్టింగ్స్, జెస్సీ షాపిరో గమనించినది ఇంకా తమాషాగా ఉంటుంది. 2008 చివర్లో ఒకపక్క ఉద్యోగాలు పోతున్నా, పెట్రోలు చౌకైందని జనం ఖరీదైన ప్రీమియం పెట్రోలు వైపు మళ్లారు. అంటే పెట్రోలు డబ్బు పెట్రోలుకే అని మనసులో ఒక పద్దు రాసుకుంటారు. ఆ పద్దులో మిగిలింది ఆ పద్దులోనే ఖర్చవుతుంది. జనం చేతికి వస్తే ఊరి వ్యాపారం పెరుగుతుందన్న సిద్ధాంతానికి ఇది పంటి కింద చిన్న రాయి.

మన దగ్గరకు వస్తే, 2013-14లో 1.71 కోట్ల టన్నులున్న పెట్రోలు వినియోగం 2015-16లో 2.18 కోట్ల టన్నులు దాటింది. ఆ రెండో ఏడాది ఒక్కదానిలోనే పెరుగుదల 14 శాతం పైన. ధర నూటికి పదిహేడు తగ్గితేనే ఇంత కదలిక వచ్చింది. అయితే ఇదంతా చౌకదనం వల్లే అనలేం. డీజిల్ కారు నుంచి పెట్రోలు కారుకు మారినవాళ్లు, కొత్తగా స్కూటరు కొన్నవాళ్లు కూడా ఈ అంకెలో ఉన్నారు.

పెట్రోలు అంటే కార్లవాళ్ల వ్యవహారం అన్న అపోహ ఈ వాదనలో తరచు దొర్లుతుంది. పెట్రోలియం శాఖ కోసం నీల్సన్ సంస్థ జరిపిన సర్వే ప్రకారం దేశంలో పెట్రోలులో 61 శాతం ద్విచక్ర వాహనాలే తాగుతాయి. హైదరాబాద్‌లో తిండి పొట్లాలు చేరవేసే కుర్రవాడి లెక్క వేసి చూద్దాం. రోజుకు 120 కిలోమీటర్లు, లీటరుకు 45 కిలోమీటర్ల మైలేజీ అనుకుంటే రోజుకు దాదాపు 2.7 లీటర్లు. 2024 మార్చిలో తగ్గించిన 2 రూపాయల వల్ల అతనికి రోజుకు మిగిలింది 5 రూపాయల చిల్లర. టీ కూడా రాదు. అదే తగ్గింపు లీటరుకు 20 రూపాయలైతే సెలవు రోజులు పోను నెలకు 1,400 రూపాయల దాకా మిగులుతుంది. అది ఇంటి అద్దెలో ఒక వాటా. తగ్గింపు ఎంతన్నదాని మీదే అది ఆర్థిక వ్యవస్థను కదిలిస్తుందా, పత్రికా ప్రకటనగా మిగిలిపోతుందా అన్నది ఆధారపడుతుంది. చిన్న తగ్గింపులతో అలవాట్లు మారవు.

ఖజానా నింపాలన్న వాదం

రెండో వర్గం ప్రభుత్వంలోనే ఉంది. వాళ్ల వాదనను వెటకారంతో కొట్టేయడం తేలిక గాని న్యాయం కాదు. 2012-13లో డీజిల్, కిరోసిన్, వంటగ్యాసును ధర కంటే తక్కువకు అమ్మినందుకు పడిన లోటు 1.61 లక్షల కోట్ల రూపాయలు. ఆ భారం ఏదో ఒక రూపంలో జనమే మోశారు. చమురు పడిపోయిన అదను చూసి లోటు పూడ్చుకోవడం, రోడ్లు వేయడం, ద్రవ్యలోటు తగ్గించడం తెలివైన పని అన్నారు. 2014-15 ఆర్థిక సర్వే ఇంకో అడుగు ముందుకేసి, ఇంధనం మీద సబ్సిడీ ఇచ్చే దేశం పన్ను వేసే దేశంగా మారడం పర్యావరణానికీ మేలేనంది. 2016 మేలో ఉజ్వల గ్యాసు కనెక్షన్లు మొదలుపెట్టగలగడం కూడా చమురు చౌకగా ఉన్న రోజుల చలవే.

ఖజానాకు వచ్చింది చిన్న మొత్తం కాదు. పెట్రో ఉత్పత్తుల మీద కేంద్ర ఎక్సైజ్ రాబడి 2014-15లో సుమారు 99 వేల కోట్ల రూపాయలు. రెండేళ్లలో అది 2.42 లక్షల కోట్లు దాటింది. కరోనా ఏడాది 2020-21లో, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా, 3.7 లక్షల కోట్లు దాటింది.

ఈ వాదంలో అసలు బలహీనత పంపకం దగ్గర ఉంది. 2021 ఫిబ్రవరి బడ్జెట్ తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్రం వసూలు చేసింది 32 రూపాయల 90 పైసలు. రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల సుంకం అందులో 1 రూపాయి 40 పైసలే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. ఆ ఏడాది నవంబరులో కేంద్రం పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 రూపాయలు తగ్గించి రాష్ట్రాలనూ తగ్గించమన్నప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ససేమిరా అన్నాయి. సెస్సు మీరు పెంచారు, మీరే తగ్గించుకోండి అన్నది వాటి జవాబు. పంచుకోవలసి వచ్చినప్పుడు సెస్సు పేరు పెట్టడం, తగ్గించవలసి వచ్చినప్పుడు రాష్ట్రాల వైపు వేలు చూపడం ఒకే నోటితో కుదరదు. అలాగని తెలుగు రాష్ట్రాలు అమాయకులేం కావు. దేశంలో ఎక్కువ వ్యాట్ వేసే రాష్ట్రాల వరసలో రెండూ ఉన్నాయి.

పైన మిగుల్చుకున్న డబ్బు దేనికి ఖర్చయింది, రోడ్లకా, సంక్షేమానికా, ఇతర పన్నుల తగ్గింపుకా అంటే ఎవరికి నచ్చిన జవాబు వారు చెబుతారు. ఖజానాలో పడ్డాక డబ్బుకు రంగు ఉండదు.

ధర ఎందుకు తగ్గిందో ముందు చెప్పండి

మూడో వర్గం పై ఇద్దరినీ ఆపి ఒక ప్రశ్న వేస్తుంది. ఆర్థికవేత్త లుట్జ్ కిలియన్ 2009లో రాసిన వ్యాసంతో ఈ ఆలోచన స్థిరపడింది. సరఫరా పెరిగి ధర తగ్గడం వేరు, ప్రపంచమే మందగించి గిరాకీ పడిపోయి ధర తగ్గడం వేరు. 2014 పతనంలో అమెరికా షేల్ చమురు పాత్ర, ఉత్పత్తి తగ్గించబోమని ఒపెక్ ఆ నవంబరులో తీసుకున్న నిర్ణయం పాత్ర పెద్దవి. కనుక కొనే దేశాలకు అది మేలే. 2008 చివర్లో, 2020లో పడిన ధరలు రోగానికి లక్షణాలు. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడి చమురు ముందస్తు ఒప్పందాల ధర సున్నా కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. కాని ఎక్కడికి వెళ్లడానికి పెట్రోలు కొంటాం? లాక్‌డౌన్‌లో బళ్లన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఆ మేలోనే కేంద్రం పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయల సుంకం ఒక్క దెబ్బన పెంచితే అప్పటికప్పుడు ఎవరికీ నొప్పి తెలియలేదు. ధర మళ్లీ పెరిగాక తెలిసింది.

2014-16 పతనం అమెరికాకు కలిసిరాకపోవడానికి కారణం కూడా బామైస్టర్, కిలియన్ 2016లో లెక్కగట్టారు. జనం ఖర్చు పెరిగింది, చమురు రంగంలో పెట్టుబడి అంతకంత పడిపోయింది, రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో ఇదే కథ చిన్న పరిమాణంలో నడిచింది. 2014 నవంబరులో 5 డాలర్లున్న దేశీయ సహజవాయువు ధర 2016 అక్టోబరుకు రెండున్నర డాలర్లకు పడింది. ఆ ధరకు లోతు సముద్రంలో తవ్వకాలు గిట్టుబాటు కావు. ఆ ఏడాది మార్చిలో కేంద్రం లోతు సముద్రపు గ్యాసుకు ఎక్కువ ధర అనుమతించాకే కదలిక వచ్చింది. కాకినాడ తీరంలోని ఆర్ క్లస్టర్ అనే క్షేత్రం నుంచి గ్యాసు 2020 డిసెంబరులో బయటికొచ్చింది.

బస్సు టికెట్టు, లారీ కిరాయి, బియ్యం బస్తా

బంకు దాటాక తగ్గింపు ఎంత దూరం పోతుంది? ఇక్కడ వాదాల కంటే లెక్కలే ఎక్కువ చెబుతాయి.

డీజిల్ తగ్గుతున్న 2015 అక్టోబరులో ఏపీఎస్ ఆర్టీసీ బస్సు చార్జీలు 10 శాతం పెంచింది. 2016 జూన్‌లో టీఎస్ ఆర్టీసీ కూడా పెంచింది. ప్రయాణికులు విస్తుపోయారు గాని కారణం కనిపిస్తూనే ఉంది. 2015 మే సమ్మె తర్వాత కార్మికులకు ఆంధ్రలో 43, తెలంగాణలో 44 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చారు. డీజిల్ మీద మిగిలింది జీతాలకు, పాత అప్పులకు చాలలేదు. ఆటోల సంగతి మరీ విచిత్రం. హైదరాబాద్‌లో మీటరు చార్జీలు 2014 ఫిబ్రవరిలో సవరించారు, కనీస చార్జీ 20 రూపాయలు. ఇంధనం పెరిగినా తగ్గినా ఆ తర్వాత ఏళ్ల తరబడి మీటరు రేటు కదల్లేదు, బేరం మాత్రం రోజూ కదులుతుంది.

సరుకుల ధరలు ఎందుకు తగ్గవన్న ప్రశ్నకు ఒక లారీ చాలు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 270 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీకి 68 లీటర్ల డీజిల్. లీటరుకు 5 రూపాయలు తగ్గితే ట్రిప్పుకు మిగిలేది 340 రూపాయలు. లారీలో 20 టన్నుల బియ్యం ఉంటే కిలోకు పడేది ఒక పైసా ముప్పాతిక కూడా కాదు. ఇరవై ఐదు కిలోల బస్తాకు అర్ధరూపాయి లోపు. తిరుగు ప్రయాణం ఖాళీగా వచ్చిందని రెట్టింపు చేసినా రూపాయి దాటదు. అర్ధరూపాయి కోసం ఏ కొట్టువాడూ బోర్డు మీద అంకె చెరపడు. మరి డీజిల్ పెరిగినప్పుడు బస్తా పది రూపాయలు ఎలా పెరుగుతుందంటే, ఆ పదిలో డీజిల్ వాటా తక్కువ, సందు దొరికిందన్న వాటా ఎక్కువ. ఇంధనం పేరు చెప్పి పెంచిన ప్రతి ధరనూ ఇంధనమే పెంచలేదు.

ట్రిప్పుకు మిగిలిన ఆ 340 రూపాయలు కూడా లారీ ఓనరు దగ్గర నిలవవు. లారీలు ఎక్కువై లోడు తక్కువైనప్పుడు బ్రోకరు ఆఫీసులో కిరాయి బేరం కిందికి జారుతుంది, తగ్గింపు సరుకు పంపే వ్యాపారికి చేరుతుంది. పోటీ ఉన్నచోట మాత్రం తగ్గింపు వినియోగదారుడి దాకా వచ్చింది. విమాన ఇంధనం బాగా చౌకైన 2015లో కంపెనీలు టికెట్ల మీద పోటీ పడ్డాయి, దేశీయ ప్రయాణికులు 20 శాతం పెరిగి 8 కోట్లు దాటారు. విమానమెక్కేవాడికి అందిన మేలు బస్సెక్కేవాడికి అందలేదు.

తగ్గింపు నేరుగా చేతికి వచ్చే చోటు ఒకటుంది. విశాఖ చేపలరేవు మరబోట్లకు ఒక్కో వేటలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు డీజిలే. చేపలు అమ్మిన డబ్బులోంచి డీజిల్, ఐసు, సరుకుల ఖర్చు తీసేశాక మిగిలింది ఓనరు, కళాసీలు వాటాలు వేసుకుంటారు. డీజిల్ తగ్గితే ఇద్దరి వాటా పెరుగుతుంది, కూలి బేరం అడ్డురాదు. ఆర్టీసీలోనూ లారీ ఆఫీసులోనూ మధ్యలో ఆగిపోయే డబ్బు ఇక్కడ ఆగకపోవడానికి కారణం ఆ వాటా పద్ధతే.

యానాం బంకులు

రాష్ట్రాల పన్నులు తలోరకంగా ఉండటం వల్ల పుట్టిన చిన్న ఆర్థిక వ్యవస్థ కాకినాడకు ముప్పై కిలోమీటర్ల దూరంలో కనిపిస్తుంది. యానాం పుదుచ్చేరి కింద ఉంది, అక్కడ వ్యాట్ తక్కువ. 2021 నవంబరులో పుదుచ్చేరి తన పన్ను కూడా తగ్గించడంతో అంతరం ఇంకా పెరిగి, లీటరుకు పది రూపాయలకు పైగా తేడా వచ్చింది.

పన్నెండు రూపాయలు తేడా అనుకుందాం. మోటారు సైకిల్లో పది లీటర్లు కొట్టిస్తే 120 రూపాయలు మిగులు. కాకినాడ నుంచి అందుకోసమే వెళ్లొస్తే రానూపోనూ అరవై కిలోమీటర్లకు ఆ మిగులంతా ఖర్చవుతుంది. కాబట్టి పనిగట్టుకుని వెళ్లేవాళ్లకు లాభం లేదు. దారిన పోయేవాళ్లకు, పెద్ద ట్యాంకు లారీలకు, చుట్టుపక్కల చెరువుల రైతులకు ఉంది. అనంతపురం వైపు నుంచి కర్ణాటకలోకి దాటే లారీలూ అదే లెక్కతో సరిహద్దు అవతల ట్యాంకు నింపుకుంటాయి. ఇవతలి బంకు డీలరు గిరాకీ కోల్పోతాడు, రాష్ట్రం పన్ను కోల్పోతుంది. పన్ను పెంచితే రాబడి పెరుగుతుందన్న సూత్రం సరిహద్దు మండలాల్లో తిరగబడుతుంది.

గల్ఫ్ వైపు నుంచి చూస్తే

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి జిల్లాల్లో, కడప, రాయచోటి ప్రాంతాల్లో, కోనసీమలో ఈ చర్చ పూర్తిగా తిరగేసి సాగాలి. ఇక్కడ చమురు ధర పడటమంటే ఊరికి జీతాలిచ్చే యజమాని దివాలా తీయడం.

2015లో సౌదీ బడ్జెట్ లోటు వంద బిలియన్ డాలర్లకు చేరువైంది. ప్రభుత్వం నిర్మాణ కంపెనీలకు బిల్లులు ఆపింది. కంపెనీలు కూలీలకు జీతాలు ఆపాయి. 2016 నడిమికి సౌదీ ఓజర్ వంటి పెద్ద సంస్థల్లో పనిచేసే వేలాదిమంది భారతీయులు నెలల తరబడి జీతం లేక, జెడ్డా క్యాంపుల్లో తిండికి కూడా కటకటపడ్డారు. విదేశాంగ సహాయమంత్రి వి.కె. సింగ్ స్వయంగా వెళ్లవలసి వచ్చింది. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో భారత్‌కు వచ్చే ప్రవాసుల డబ్బు 2014లో 70 బిలియన్ డాలర్లు, 2016లో 62.7 బిలియన్లు.

ఊళ్లో దీని ప్రభావం ఒక క్రమంలో కనిపిస్తుంది. ఏజెంటుకు కట్టిన వీసా డబ్బు చాలావరకు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది. జీతం ఆగినా వడ్డీ ఆగదు. ముందు చిట్టీ ఆగుతుంది, తర్వాత స్లాబు దాకా వచ్చిన ఇల్లు ఆగుతుంది. ఇల్లు ఆగితే మేస్త్రీ, ఇసుక ట్రాక్టరు, సిమెంటు కొట్టు ఆగుతాయి. పెళ్లి వాయిదా పడితే బంగారం దుకాణం. అదే వీధిలో పెట్రోలు లీటరుకు పది రూపాయలు తగ్గి ఉండవచ్చు. దాన్ని పండగ చేసుకునే స్థితిలో ఎవరూ ఉండరు. తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో సౌదీలోనే పెట్రోలు పెరిగింది. సబ్సిడీ భరించలేక 2015 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం సాధారణ పెట్రోలును 45 హలాలాల నుంచి 75 హలాలాలకు పెంచింది. 2017లో ప్రవాసుల కుటుంబాల మీద నెలవారీ రుసుము, 2018లో వ్యాట్ వచ్చాయి. చమురు చౌకైనందుకు జరిమానా అక్కడి తెలుగు కూలీ కూడా కట్టాడు.

నష్టాన్ని కొంత మెత్తబరచినది మారకపు రేటు. రియాల్ డాలరుకు 3.75 చొప్పున 1986 నుంచి కట్టుబడి ఉంది. రూపాయి 60 నుంచి 67కు దిగడంతో రియాల్ విలువ 16 రూపాయల నుంచి దాదాపు 18కి పెరిగింది. జీతం అందుతున్నవాళ్లకు అది ఊరట.

ఇప్పటి చిత్రం కొంత మారింది. రిజర్వ్ బ్యాంకు 2023-24 సర్వే ప్రకారం దేశానికి వచ్చే ప్రవాస ధనంలో అమెరికా వాటా 27.7 శాతం, యూఏఈ వాటా 19.2. రాష్ట్రాల్లో తెలంగాణ వాటా 8.1, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. రాష్ట్రం మొత్తంగా చూస్తే చమురు మీద ఆధారం తగ్గుతున్నట్టే ఉంది. కాని అమెరికా డాలర్లు చేరే కాలనీలు వేరు, రియాళ్లు చేరే పల్లెలు వేరు. సగటు అంకె ఆ పల్లెలను దాచేస్తుంది.

అలవాట్లు మారాయా?

ధర స్థాయి కంటే ధరల మధ్య తేడా అలవాట్లను ఎక్కువ మార్చిందని నా అంచనా. 2012లో పెట్రోలు, డీజిల్ మధ్య లీటరుకు ముప్పై రూపాయల తేడా ఉన్నప్పుడు కొత్త కార్లలో సగానికి పైగా డీజిల్‌వే. నియంత్రణ పోయి, సుంకం డీజిల్ మీదే ఎక్కువ పెరిగి, తేడా కరిగిపోయాక డీజిల్ కారు మోజు తగ్గింది. కఠినమైన కాలుష్య ప్రమాణాలు మిగతా పని చేశాయి. 2020 ఏప్రిల్ నుంచి మారుతీ డీజిల్ కార్లే మానేసింది. ఇది చమురు పతనం వల్ల కాదు, పన్ను పద్ధతి వల్ల వచ్చిన మార్పు.

వంటింట్లో కథ వేరు. చౌక రోజుల్లో కట్టెపొయ్యి నుంచి గ్యాసుకు మారిన పేద ఇళ్లు సిలిండరు వెయ్యి రూపాయలు దాటాక రెండో సిలిండరు తీసుకోవడానికి వెనకాడాయి. చౌకదనం నేర్పిన అలవాటు చౌకదనం పోయాక నిలవాలంటే ఆదాయం తోడు రావాలి.

ఎలక్ట్రిక్ స్కూటర్ల విషయంలో ఖజానా వాదుల మాట నిజమని ఒప్పుకోవాలి. 2024లో పెట్రోలు లీటరు 107 రూపాయల దగ్గర నిలబడటం వల్లే హైదరాబాద్‌లో బ్యాటరీ బండి లెక్క గిట్టుబాటైంది. ఆ నవంబరులో తెలంగాణ ఇచ్చిన రోడ్డు పన్ను మినహాయింపు దానికి తోడైంది. పెట్రోలు 80కి దిగితే ఆ బండి అమ్మేవాడి పని కష్టమే.

ఇంకా తేలనివి

కొన్ని విషయాల్లో వర్గాల మధ్య పెద్ద తేడా మిగల్లేదు. ధర పతనం అందరికీ ఒకేలా పనిచేయదు. కొనే ప్రాంతానికి మేలు, తీసే ప్రాంతానికీ దానిమీద బతికే వలస పల్లెలకూ దెబ్బ. మేలు కంటే దెబ్బ త్వరగా తగులుతుంది. సరుకుల ధరల మీద తగ్గింపు ప్రభావం చాలా తక్కువ. పన్ను ఎంత ఉండాలన్న దగ్గర మాత్రం మొదటి రెండు వర్గాలు ఎదురెదురుగానే ఉన్నాయి. రాజ్యాంగంలో చోటున్నా పెట్రోలు, డీజిల్ ఇప్పటికీ జీఎస్టీ బయటే ఉన్నాయి, రాష్ట్రాలకు చేతిలో మిగిలిన కొద్ది పన్నుల్లో ఇదొకటి కాబట్టి ఎవరూ తొందరపడటం లేదు.

ప్రభుత్వానికీ జనానికీ మధ్య ఉన్న చమురు కంపెనీల పాత్ర మీద చర్చ ఇంకా సరిగా మొదలే కాలేదు. 2017 జూన్‌లో రోజువారీ ధరల పద్ధతి వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి అది పేరుకే మిగిలింది. ఆ ఏడాది వేసవిలో చమురు కంపెనీలు నష్టానికి అమ్మాయి. ఏప్రిల్-జూన్‌లో హెచ్‌పీసీఎల్ ఒక్కటే పదివేల కోట్లకు పైగా పోగొట్టుకుంది. 2023-24లో మూడు ప్రభుత్వ కంపెనీల లాభం కలిపి సుమారు 81 వేల కోట్లు. 2025 ఏప్రిల్‌లో ముడి చమురు పడినప్పుడు కేంద్రం లీటరుకు 2 రూపాయల సుంకం పెంచింది, కంపెనీలు భరించాయి, బంకు ధర కదల్లేదు. పెరిగినప్పుడు కాపాడాం కాబట్టి తగ్గినప్పుడు మిగుల్చుకుంటాం అన్న వాదన పూర్తిగా తప్పు కాదు. అయితే ఎంత కాపాడారు, ఎంత మిగుల్చుకున్నారు అన్న ఖాతా వినియోగదారుడికి ఎవరూ చూపలేదు.

ఖజానా నింపడమా, జనానికి ఇవ్వడమా అన్న ఎంపిక రాజకీయమైనది. దాన్ని ప్రభుత్వాలే చేయాలి. కాని చేసిన ఎంపికను దాచే హక్కు వాటికి లేదు. ఢిల్లీ బంకు ధరలో ఏ పన్ను ఎంతో చమురు కంపెనీలు ఇప్పటికే ప్రకటిస్తున్నాయి. కాకినాడలోనూ జగిత్యాలలోనూ బంకు ఇచ్చే ప్రతి బిల్లు మీద ముడి చమురుకు ఎంత, కంపెనీకి ఎంత, డీలరుకు ఎంత, కేంద్రానికి ఎంత, రాష్ట్రానికి ఎంత అని అచ్చువేయమని అడగాలి. దీనికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు, ఐదు అదనపు వరసలు చాలు.